మెస్‌కి ఏడాది రేటు రాయాలి, కూరగాయల ధర ఎంత పట్టుకోవాలి?

రాయగడ మెస్:

నమస్తే అందరికీ. ఒడిశా రాయగడలో చిన్న మెస్ నడుపుతున్నాను. ఇన్నాళ్లూ నెలవారీ కార్డుల మీద తినేవాళ్లే. ఇప్పుడు ఒక ప్రైవేటు హాస్టల్ వాళ్లు 140 మంది పిల్లలకి రెండు పూటలా భోజనం అడుగుతున్నారు. జూన్ నుంచి వచ్చే మే దాకా ఒకటే రేటు, మధ్యలో పెంచేది లేదట. ఈ నెలాఖరులోగా కొటేషన్ ఇవ్వాలి.

బియ్యం, పప్పు, నూనె, గ్యాస్ లెక్క నేను వేసుకోగలను. కూరగాయల దగ్గరే టెన్షన్. ఇప్పుడు ఫిబ్రవరి, టమాటా కేజీ పన్నెండుకి ఇస్తున్నారు, క్యాబేజీని అడిగేవాడు లేడు. మా ఆయన "ఇప్పటి రేటుకి రెండింతలు వేసెయ్, సరిపోతుంది" అంటారు. మా అత్తగారేమో "జూలైలో టమాటా లేకుండా చారు పెట్టిన రోజులు మర్చిపోయారా" అంటారు.

రోజుకి సుమారుగా టమాటా 8 కేజీలు, ఉల్లి 14, బంగాళాదుంప 15, మిగతా కూరలు 20 కేజీలు పడతాయి. రోజుకో అరటిపండు కూడా ఇవ్వాలి. పిల్లల్లో సగం ఒడియా వాళ్లు, సగం మనవాళ్లు. ఏది ఏ నెలలో పెరుగుతుంది, ఎందుకు పెరుగుతుంది, ఎంత పట్టుకుంటే మునగకుండా ఉంటాను? హోల్‌సేల్ వ్యాపారం తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కాటా బాబాయ్:

అమ్మా, రెండింతలు వేస్తే కొటేషన్ పోతుంది, ఇప్పటి రేటు వేస్తే మీరు పోతారు. ఫిబ్రవరి ధర చూసి జూన్ కాంట్రాక్టు రాసేవాళ్లు ఏటా మా కొట్టు ముందుకొచ్చి అప్పు అడుగుతారు.

నాది రాయగడలోనే కమీషన్ కొట్టు. ముందు ఒక్క సంగతి పట్టుకోండి. రాయగడలో అమ్మే కూరగాయల రేటు రాయగడలో పుట్టదు. వానాకాలం టమాటాది మదనపల్లెలో పుడుతుంది. ఉల్లిది నాసిక్‌లో, దుంపది బెంగాల్ కోల్డ్ స్టోరేజీల్లో, అరటిది రావులపాలెంలో. మన పక్క ఊళ్లలో పుట్టేవి వంకాయ, గుమ్మడి, పచ్చి బొప్పాయి, కంద, చేమ లాంటివి. అందుకని కొటేషన్ కాగితం మీద "కూరగాయలు" అని ఒక్క గీతతో తేల్చెయ్యకండి. లారీ ఎక్కడ బయల్దేరుతుందో చూసి విడివిడిగా రాయండి.

టమాటా గురించి కాస్త పెద్దగా చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని ముంచేదీ అదే, తేల్చేదీ అదే. డిసెంబరు నుంచి మార్చి దాకా పల్లపు ఊళ్లన్నీ ఒకేసారి కాస్తాయి. ట్రే దింపినవాడికి ఆటో కిరాయి కూడా రాని రోజులుంటాయి. ఏప్రిల్ దాటితే ఎండకి పూత రాలుతుంది. 35 డిగ్రీలు దాటాక పిందె నిలవదు. ఇక్కడి తోటలు అయిపోతాయి. ఇక జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మదనపల్లె, కోలారు వైపు చూడాల్సిందే. చూసేది మనం ఒక్కళ్లమే కాదు. చెన్నై చూస్తుంది, హైదరాబాద్ చూస్తుంది, కొన్నిసార్లు ఢిల్లీ కూడా అక్కడికే వస్తుంది. అక్కడ తోటకి తెగులో వానో తగిలిందంటే రాయగడ లాంటి చిన్న ఊరికి సరుకు పంపేవాడే ఉండడు.

2023 గుర్తుందిగా. ఆ ఏడు వేసవి మొదట్లో ధర లేక చాలామంది తోటలు వదిలేశారు, కొత్త నాట్లు తగ్గించేశారు. పైన ఎండలు, తర్వాత వానలు. జూలైలో చాలా ఊళ్లలో కేజీ వంద దాటింది. కేంద్రమే ఢిల్లీ లాంటి చోట్ల రాయితీ మీద 90 రూపాయలకి అమ్మించింది. ఆ ధర చూసి అందరూ నాట్లు వేశారు. నాటిన 60, 70 రోజులకి కోత మొదలవుతుంది. ఎక్కడికొచ్చింది లెక్క? సెప్టెంబరుకి. ఆ సెప్టెంబరులోనే కర్నూలు జిల్లా పత్తికొండ వైపు రైతులు టమాటా రోడ్డు మీద పారబోశారు. మా కొట్టులో ఎవరైనా రేపు టమాటా ఎంత ఉంటుందని అడిగితే, రెండు నెలల కిందట ఎంత ఉందో చెప్పమంటాను. అప్పుడు బాగా పలికితే ఇప్పుడు పడుతుంది, అప్పుడు పడిపోయి ఉంటే ఇప్పుడు లేస్తుంది. మధ్యలో తుపాను వస్తే మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు.

మీ కాగితానికి ఇలా వేసుకోండి. ఎనిమిది నెలలు కేజీ 20 అనుకోండి, నాలుగు నెలలు 60 అనుకోండి. సగటు 33 చిల్లర వస్తుంది. ఇప్పటి పన్నెండుకీ దానికీ తేడా 21. రోజుకి 8 కేజీలంటే 168 రూపాయలు, 140 మందికి పంచితే తలకి రూపాయి ఇరవై పైసలు. చూడ్డానికి చిన్నదే. ఇలాగే పచ్చిమిర్చి, కొత్తిమీర, బీన్స్, ఉల్లి అన్నిటికీ వేస్తే తలకి మూడు నాలుగు రూపాయలు తేలుతుంది. మీ లాభం తలకి ఎంత అనుకుంటున్నారో నాకు తెలీదు గానీ, హాస్టల్ మెస్‌లో అంతకంటే పెద్దగా ఉండదు.

తరుగు మర్చిపోవద్దు. వానాకాలంలో పాతిక కేజీల ట్రే కొంటే రెండు మూడు కేజీలు పారేయాల్సి వస్తుంది. కాలీఫ్లవర్‌లో ఆకూ కాడా కూడా కాటాకెక్కుతాయి. మీరు వండేది 8 కేజీలైతే కొనేది 9 అని రాసుకోండి.

రెండో గండం కార్తీకం. మన ఊరి సంగతి వేరు, మనకి కార్తీకం నెల కాదు, నెలన్నర. ఒడియా వాళ్లకి కుమార పూర్ణిమ మర్నాడు మొదలై కార్తీక పూర్ణిమతో అయిపోతుంది. మనకి దీపావళి అమావాస్య తర్వాత మొదలై మళ్లీ అమావాస్య దాకా నడుస్తుంది. రెండూ కలిపి ఊళ్లో ఎవరో ఒకరు నీచు మానేసే ఉంటారు. ఒడియా కార్తీకంలో ఆఖరి అయిదు రోజులు పంచుక, ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని ఒడియా వాళ్లు అంటారు. అది వెళ్లిన మర్నాడు ఛాడఖాయ్, అంటే మళ్లీ నీచు మొదలుపెట్టే రోజు. ఆ రోజు మాంసం కొట్ల దగ్గర నిలబడడానికి చోటుండదు, నేను పదింటికే కాటా సర్దేసి టీకి పోతాను. మన తెలుగు ఇళ్లకి మాత్రం ఇంకా రెండు వారాలు మిగిలే ఉంటుంది. శ్రావణం కూడా ఇంతే, వాళ్లది పదిహేను రోజులు ముందు మొదలవుతుంది.

ఇంత గిరాకీ ఉన్న రోజుల్లోనే సరుకు తక్కువ. ఖరీఫ్ కూరగాయలు అయిపోయి, చలికాలం పంట ఇంకా అందుకోదు. పైగా అక్టోబరు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తిత్లీ అప్పుడు గజపతి జిల్లా, ఉద్దానం వైపు అరటి, కూరగాయల తోటలు నేలమట్టమయ్యాయి.

కాబట్టి జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా ఒకటి, అక్టోబరు నడిమి నుంచి నవంబరు నడిమి దాకా ఒకటి, ఈ రెండు గండాలకి డబ్బు పక్కన పెట్టుకోండి. మిగతా నెలలు మీవే.

చిన్నవి: మునక్కాడ డిసెంబరు, జనవరిలో ముట్టుకోలేం, మార్చి నుంచి కుప్పలు పోస్తారు. నిమ్మకాయ దానికి తిరగబడి ఉంటుంది, సరిగ్గా ఎండాకాలంలోనే చుక్కలు చూపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో కేజీ 200 దాటిన ఊళ్లున్నాయి. కొత్తిమీర జూలై, ఆగస్టుల్లో కట్ట ఇంత అని ముందే ఒప్పుకోకండి. ఎవరి మాటా నమ్మొద్దు, నా మాట కూడా.

పొట్టంగి రైతు:

బాబాయ్ గారూ, మన పక్క ఊళ్లలో వంకాయ, గుమ్మడే పుడతాయంటే మా కొండ మీదవాళ్లకి కోపం వస్తుంది. మా కోరాపుట్ జిల్లా పొట్టంగి, నందపూర్, సిమిలిగుడ మీ జాబితాలో లేనేలేవు. మేముండేది సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున. కింద విజయనగరంలో ఎండకి టమాటా పూత రాలే రోజుల్లో కూడా మా దగ్గర రాత్రి చల్లగానే ఉంటుంది. అందుకే వానాకాలంలో కూడా క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటా, బీన్స్ తీస్తాం. ఆ సరుకంతా సుంకి ఘాటీ దిగి సాలూరు, విజయనగరం, విశాఖ పోతుంది. పక్కనే ఉన్న రాయగడ మాత్రం మదనపల్లె లారీ కోసం ఎదురుచూస్తుంది.

అక్కా, శుక్రవారం కుందులి సంతకి ఒకసారి రండి. ఈ చుట్టుపక్కల అదే పెద్ద సంత. విశాఖ వ్యాపారులు తెల్లవారకముందే వచ్చి మంచి సరుకు ఎత్తేస్తారు, కాబట్టి ముందురోజు రాత్రే చేరుకుంటే మేలు. జూలై, ఆగస్టుల్లో క్యాబేజీ, బీన్స్ మీకు అక్కడ మండీ రేటు కంటే తక్కువకి దొరుకుతాయి. అయితే ఒకటి, గట్టి వాన కురిస్తే కొండచరియ పడి రోడ్డు మూతపడుతుంది. అప్పుడు మా సరుకు మా దగ్గరే కుళ్లుతుంది, మీకేమో అక్కడ రేటు పెరుగుతుంది. మీరు పేపర్లో "టమాటా కొండెక్కింది" అని చదివే రోజున కొండ మీద మేం పశువులకి వేస్తుంటాం.

అల్లం సంగతి ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్, మేలో పెడతాం, డిసెంబరు నుంచి తవ్వుతాం. ధర లేకపోతే కొన్నాళ్లు భూమిలోనే ఉంచేస్తాం, టమాటాకి ఆ అవకాశం లేదు. 2023లో అల్లం కేజీ 200 దాటింది. ఆ ధర చూసి కర్ణాటకలో, ఇక్కడా అందరూ పెట్టేశారు, తర్వాత ధర పడిపోయింది. టమాటాకి రెండు నెలల్లో తిరిగే చక్రం అల్లానికి ఏడాదిన్నరలో తిరుగుతుంది, అంతే తేడా. మెస్‌కి జనవరి, ఫిబ్రవరిలో కొత్త అల్లం తీసుకుని, బాగా ఆరబెట్టి, ఇసుకలో ఉంచితే కొన్నాళ్లు నడుస్తుంది.

కమీషన్ కొట్ల మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పేస్తాను. కిందటేడు ఒక కొట్టులో క్వింటాకి పది కేజీలు తరుగు తీశారు, వాన పడిందని. వాన నా సరుకు మీద పడలేదు, టార్పాలిన్ కప్పే తెచ్చాను. మీరు కాదులెండి బాబాయ్ గారూ, ఆ ఊరు వేరు.

బరంపురం ఆలు-ఉల్లి:

దుంప, ఉల్లి నా పని కాబట్టి ఆ రెండే చెబుతాను.

ఒడిశాలో తినే బంగాళాదుంపలో పెద్ద వాటా బెంగాల్‌దే. అక్కడ ఫిబ్రవరి, మార్చిలో తవ్వి కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ఏడాదిలో చవక అంటే ఇప్పుడే. మే తర్వాత స్టోరేజీ సరుకు, నెలనెలా కొంచెం కొంచెం ఎక్కుతుంది. నవంబరుకి అది అడుగంటుతుంది, డిసెంబరులో యూపీ, పంజాబ్ కొత్త దుంప దిగాక మళ్లీ మెత్తబడుతుంది. ఇది మామూలు ఏడాది. 2024లో జూలైలో ఒకసారి, నవంబరు ఆఖర్లో మరోసారి బెంగాల్ బయటి రాష్ట్రాలకి దుంప లారీలు ఆపింది. సరిహద్దులో లారీలు నిలిచిపోయాయి, ఇక్కడ రోజురోజుకీ రేటు మారిపోయింది, చివరికి యూపీ సరుకు తెప్పించారు. లారీలు ఆగడం వల్ల ధర పెరిగిన ఏడాది అది. అందుకని దుంపకి మామూలు సగటు మీద ఇంకో అయిదు రూపాయలు పట్టుకోండి.

ఉల్లికి నాసిక్ వైపు రబీ పంట ముఖ్యం. మార్చి నుంచి మే దాకా కోస్తారు, నిల్వ ఉండేది అదే. దాన్నే అక్టోబరు దాకా తింటాం. నిల్వలో పాతిక, ముప్పై శాతం దాకా పోతుంది, ఆ నష్టం కూడా ధరలో కలుస్తుంది. కొత్త ఖరీఫ్ ఉల్లి వానకి ఆలస్యమైతే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మంట. కర్నూలు ఉల్లి ఆగస్టు, సెప్టెంబరు నుంచి తాడేపల్లిగూడెం మీదుగా మనకి వస్తుంది. చవకే గానీ నీరెక్కువ, వారం దాటితే మొలకో కుళ్లో. మెస్‌కి దాన్ని మూడు రోజులకి మించి కొనకండి.

ఏటా సెప్టెంబరులో ఉల్లి పెరుగుతుందని కళ్లు మూసుకుని రాసెయ్యకండి. ఉల్లికి వాన ఒక ఎత్తు, ఢిల్లీ ఉత్తర్వు ఒక ఎత్తు. 2023 ఆగస్టులో ఎగుమతి మీద 40 శాతం సుంకం వేశారు, డిసెంబరులో ఎగుమతే ఆపేశారు, 2024 మేలో మళ్లీ వదిలారు, 2025 ఏప్రిల్ 1 నుంచి సుంకం పూర్తిగా తీసేశారు. ఇన్ని చేసినా 2025 సెప్టెంబరులో కర్నూలు ఉల్లిని అడిగేవాడు లేక ఆంధ్ర ప్రభుత్వం క్వింటా 1200కి కొనాల్సి వచ్చింది. ఆ ఏడు భయపడి జూన్‌లోనే బస్తాలు పేర్చినవాళ్లు నష్టపోయారు.

మీకు గాలి ఆడే గది ఉంటే మేలో రబీ ఉల్లి, మీడియం సైజు, ఒక నెలకి సరిపడా తీసుకోండి. అంతకు మించి వద్దు. నిల్వ వ్యాపారం మెస్ పని కాదు.

గుణుపురం మాస్టారు:

నేను వ్యాపారిని కాను, ధరలు రాసుకోవడం ఒక పిచ్చి. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్‌లో ఏ మార్కెట్‌లో ఏ రోజు ఎంత సరుకు వచ్చింది, కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు ఏ ధరకి పోయింది అన్నీ క్వింటా లెక్కన ఉంటాయి. మీరు గరిష్ఠం చూడకండి, అది నాలుగు ట్రేల ధర. మోడల్ (modal) ధర, అంటే ఎక్కువ సరుకు పోయిన ధర చూడండి. మదనపల్లె టమాటాకి, నాసిక్ వైపు లాసల్‌గావ్ ఉల్లికి గత మూడేళ్ల నెలవారీ ధరలు తీసి, మీకు ఇక్కడ పడ్డ ధరతో పోలిస్తే దారి ఖర్చు ఎంతో తెలుస్తుంది. ఆ తేడా కూరగాయ ధర కంటే నిలకడగా ఉంటుంది, వానాకాలంలో తప్ప.

రాయగడ మెస్:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. రాత్రి కూర్చుని నెలవారీగా వేశాను, మా ఆయన రెండింతల కంటే తక్కువే వచ్చింది.

బాబాయ్ గారూ, ఇంకో రెండు అడుగుతాను. హాస్టల్ వాళ్లు మెనూ కూడా కాగితం మీద రాసివ్వమంటున్నారు. సోమవారం టమాటా పప్పు, మంగళవారం బీన్స్ కూర, ఇలా. రాసివ్వనా? అరటిపండు గురించి కూడా ఎవరూ చెప్పలేదు.

కాటా బాబాయ్:

రాసివ్వొద్దు అమ్మా. పేరు రాసిచ్చారంటే ఆగస్టులో టమాటా పప్పు పెట్టకపోతే ఫిర్యాదు చేస్తారు. "ఒక పప్పు, ఆ కాలంలో దొరికే ఒక కూర, తలకి 150 గ్రాములకి తగ్గకుండా" అని రాయండి. తూకం రాస్తే వాళ్లకీ నమ్మకం, వస్తువు రాయకపోతే మీకూ వెసులుబాటు. దుంప ఒక్కటే పెట్టి సరిపెట్టేస్తారని వాళ్లకి అనుమానం ఉంటుంది, దుంప కూర వారానికి రెండుసార్లకి మించదని మీరే రాసేయండి.

సగం మంది ఒడియా పిల్లలన్నారు కదా, అది మీకు పెద్ద కలిసివచ్చే సంగతి. వారానికి మూడు రోజులు దాల్మా, అంటే కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు పెట్టండి. పచ్చి బొప్పాయి, గుమ్మడి, అరటికాయ, వంకాయ, చేమ, ఏది చవకైతే అది పడుతుంది, టమాటా లేకపోయినా ఎవరూ మొహం ముడుచుకోరు. మన పిల్లలు మొదట్లో సాంబారు కావాలని గోల చేస్తారు, రెండు వారాలకి అలవాటు పడతారు. చింతపండు మార్చి, ఏప్రిల్‌లో కొత్తది సంతలకి దిగుతుంది, ఏడాదికి సరిపడా అప్పుడే కొని గింజ తీసి ఉప్పు వేసి పెట్టుకోండి. టమాటా మండిపోయే నెలల్లో చారు, పులుసు దానితోనే. ఎండుమిర్చి కూడా ఏప్రిల్‌లోపే, గుంటూరు మిర్చి యార్డుకి మేలో సెలవులు ఇస్తారు. మార్చి, ఏప్రిల్‌లో పనసకాయ కూర మర్చిపోకండి, ఆ రోజుల్లో రెండు భాషల పిల్లలూ పోట్లాడకుండా తినేది అదొక్కటే.

అరటిపండుకి కూడా ఇదే మాట, "ఒక పండు" అని రాయండి. రావులపాలెంలో గెల ధర శ్రావణం, వినాయక చవితి, దసరా, కార్తీకం వరసగా ఎక్కుతుంది. చలి ముదిరాక దిగుతుంది. ఆ ఎక్కే నెలల్లో జామ, బొప్పాయి ముక్క పెట్టండి. జూన్, జూలైలో నియమగిరి కొండల అనాస వస్తుంది, చాటికోణ బుధవారం సంతలో అక్కడి డోంగ్రియా గిరిజనులు దించుతారు. కాయ లెక్కన ఇస్తారు, బేరం ఆడకుండా అడిగింది ఇవ్వండి, మధ్యవాళ్లు ఇప్పటికే చాలా తగ్గించేసి ఉంటారు. ఏప్రిల్ ఆఖరు నుంచి సువర్ణరేఖ మామిడి చూడండి. మొదటి వారం వద్దు, మంచి కాయంతా హౌరా లారీ ఎక్కేస్తుంది. మేలో రెండో రకం సైజు సగం ధరకి దొరుకుతుంది, పిల్లలకి సైజుతో పనేముంది.

పొట్టంగి బాబూ, ఆ తరుగు తీసిన కొట్టు ఏదో నాకు తెలుసులే. జూలైలో క్యాబేజీ, బీన్స్ ఉంటే లక్ష్మీపూర్ రోడ్డు మీదుగా ఇటు ఒక వ్యాన్ పంపు. తరుగు ఎంతో కాటా ముందే మాట్లాడుకుందాం, డబ్బు ఆ పూటే ఇస్తాను. ఈవిడకి రోజుకి 20 కేజీలు కావాలి, మిగతాది నేను అమ్ముకుంటాను.

పొట్టంగి రైతు:

పంపుతాను బాబాయ్ గారూ. డీజిల్ సగం మీది.

కాటా బాబాయ్:

మూడో వంతు. వ్యాన్ తిరిగి వెళ్లేటప్పుడు ఖాళీగా పోదు కదా, నా ఉల్లి బస్తాలు సిమిలిగుడలో దించు.